చూసినంత మేరకే

పోయిన నెల గోపాలపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న ముసలాయన విస్తరిలో నీళ్ళు చిలకరిస్తూ నన్ను రెండుసార్లు తేరిపార చూసి, "తమరు డ్రాయింగాఫీసులో పన్జేసినారు కదమ్మా?" అన్నాడు. అప్పుడు గుర్తుపట్టాను. మా ఆఫీసులో నకళ్ళు తీసే యంత్రం దగ్గర, అమ్మోనియా ఘాటుకి కళ్ళు ఎర్రగా చేసుకుని పాతికేళ్ళు పనిచేసిన మనిషి. పాతవాళ్ళ సంగతులు ఒక్కొక్కటే చెప్పుకొచ్చి, పెరుగన్నం కలుపుకుంటూ, "మన అక్కగోరు పోనాది, తెలుసునా? మొన్న వానల్లో. ఆకరిదాకా కళ్ళు బాగానే ఉన్నాయంట," అన్నాడు.

ఆ తర్వాత ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. తను గీసిన ఏ బొమ్మ కిందా ఆవిడ పేరు రాసుకోలేదు. ఆఫీసు డ్రాయింగుల మూల గడిలో మాత్రం రెండక్షరాలు వేసేది, అది రూలు కాబట్టి.

నేను ఆ రైల్వే డ్రాయింగాఫీసులో ట్రేసరుగా చేరింది డెబ్బైల నడుమ. మాది గోదావరి జిల్లా. నాన్నకి పోర్టులో ఉద్యోగం రావడంతో విశాఖ వచ్చాం. డ్రాయింగు కోర్సు చదివి, మంచి మార్కులతో ప్యాసై వచ్చానని నాకు కాస్త టెక్కు ఉండేది. ట్రేసరు పనంటే పైవాళ్ళు పెన్సిలుతో గీసిన డ్రాయింగు మీద నీలంగా మెరిసే సన్నటి ట్రేసింగు గుడ్డ పరిచి, కింద కనబడే ప్రతి గీతనీ నల్ల సిరాతో దించడం. దానికి వాడేది మామూలు పెన్ను కాదు. రెండు ఉక్కు రేకుల మధ్య ఒక్క సిరాచుక్కని నిలబెట్టే రూలింగు పెన్ను. చెయ్యి వణికిందా, చుక్క జారి పొద్దుటినుంచీ చేసిన పనంతా పాడవుతుంది.

మొదటి రోజే నాకు చుక్క జారింది. పక్క బల్ల నుంచి ఒకావిడ లేచి వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. పొట్టి మనిషి, నుదుట బొట్టు లేదు, కొంగు చివర జానెడు మేర సిరా మరకలు. బ్లేడు తీసుకుని, పొలుసు ఒలిచినట్టు ఆ మరకని గీకేసి, సుద్దపొడి రుద్ది, "గీత మొదలెట్టినాక ఊపిరి తియ్యకమ్మీ. గీత అయిపోనాక ఎంత కావాలో అంత తీసుకో," అంది.

తర్వాత గమనించాను. ఆవిడ పొడుగు గీత గీస్తుంటే గదిలో ఎవరు పిలిచినా పలికేది కాదు. కిటికీ అవతల హార్బరులో ఓడ కూత పెట్టినా తలెత్తేది కాదు. గీత అయ్యాక ఒక పెద్ద నిట్టూర్పు, పెన్ను కొంగుకి తుడుచుకోవడం, అప్పుడు "ఏటి?" అనడం.

ఆవిడ ఆ బల్ల దగ్గరకి వచ్చిన దారి నాకు మిగతావాళ్ళు చెప్పారు. ఆవిడ భర్త రైల్వేలో ఫిట్టరు. ఆయన పోయాక ఆవిడకి ఉద్యోగం ఇచ్చారు, కానీ అది కుండల్లో మంచినీళ్ళు నింపే పని. ఎనిమిదో క్లాసు చదువుకి అంతకంటే ఏం వస్తుంది? నీళ్ళు పోస్తూ పోస్తూ ఆవిడ ట్రేసర్ల చేతుల్ని చూసేది. ట్రేసింగు గుడ్డ నిజానికి గంజి పట్టించిన మేలురకం నూలుగుడ్డ. పాడైన ముక్కల్ని అందరూ ఇళ్ళకి పట్టుకెళ్ళి, వేణ్ణీళ్ళలో ఉడకబెట్టి గంజి వదలగొట్టి, చేతిరుమాళ్ళూ చంటిపిల్లల జుబ్బాలూ కుట్టించుకునేవారు. ఆవిడా పట్టుకెళ్ళేది. కానీ ఉడకబెట్టేది కాదు. పారేసిన పెన్ను ఒకటి సాన పట్టించుకుని, ఆ ముక్కల మీద రెండేళ్ళు గీతలు గీసింది.

ఒక తుఫాను రోజు ట్రేసర్లెవరూ ఆఫీసుకి రాలేకపోయారట. ఎక్కడో గట్టు తెగింది, ఒక కల్వర్టు డ్రాయింగు అర్జంటుగా పంపాలి. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ ఒక్కడే తల పట్టుకుని కూర్చుంటే, మోకాటిలోతు నీళ్ళలో నడిచి వచ్చిన ఈ మంచినీళ్ళావిడ, "నాను గీత్తాను సార్" అంది. ఆయన నవ్వలేదు, అది ఆయన గొప్పతనం. సాయంత్రానికి డ్రాయింగు తయారైంది. ఆవిణ్ణి ట్రేసరుగా వేయించడానికి ఆ తర్వాత మూడేళ్ళపాటు పైవాళ్ళకి ఉత్తరాలు రాసింది కూడా ఆయనే.

నేను చేరిన ఏడాదికి ఆవిడ నన్ను గోపాలపట్నంలో తన ఇంటికి తీసుకెళ్ళింది. స్టేషనుకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు. పిల్లల్లేరు. ముందుగదిలో కిటికీ కింద డ్రాయింగు బల్ల. మూలన పొడుగాటి రేకు గొట్టం. అందులోంచి చుట్టలు చుట్టిన గుడ్డలు తీసి నేలమీద పరిచింది. చార్మినారు, తంజావూరు పెద్దగుడి, బీజాపూరు గోల్ గుంబజ్, హౌరా వంతెన, తాజ్‌మహల్. అన్నీ నల్ల సిరాలో, వెంట్రుకంత సన్నటి గీతలతో.

భర్త ఉన్నన్నాళ్ళూ ఏటా రైల్వే పాసు మీద ఇద్దరూ ఒక ఊరు చూసి వచ్చేవారట. దేశంలో పేరున్న కట్టడాలన్నీ చూపిస్తానని ఆయన మాటిచ్చాడు. ఆయన పోయాక అవన్నీ తలుచుకుంటూ గీస్తోంది.

చూస్తూ చూస్తూ నేను ఆగిపోయాను. ప్రతి బొమ్మలోనూ ఖాళీలున్నాయి. తంజావూరు గోపురానికి పైభాగం లేదు. తాజ్‌మహల్‌లో చలవరాతి నేల మీద ఒక్కొక్క పలకా, ఒక్కొక్క అతుకూ ఉంది, ద్వారం మీద తీగలున్నాయి, గుమ్మటం మాత్రం లేదు.

"ఇది పూర్తికాలేదా అక్కగారూ?"

"అయిపోనాది."

"మరి గుమ్మటం?"

"అక్కడ నాను సూడనేదమ్మీ. ఎండకి ఆ రాయి పెనంలాగ కాలిపోతన్నాది. సెప్పులు బైట ఒగ్గీసినాం కదా. మా మావ తువ్వాలు రెండు ముక్కలు సింపి నా కాళ్ళకి కట్టినాడు. అది ఊడిపోద్దేమోనని నాను కిందకే సూసుకుంటా నడిసినాను. నాకు తెలిసిన తాజ్‌మాలు అదే."

"ఫొటో చూసి వెయ్యొచ్చు కదండీ. క్యాలెండర్ల నిండా తాజ్‌మహలే."

"ఫొటో తీసినోడు సూసినాడు. నాను కాదు కదా."

గోల్ గుంబజ్ బొమ్మలో గుండ్రటి నడవా, దాని కటకటాలు, అవతలి వైపు చీమంత మనిషి. అక్కడ ఇటు గోడ దగ్గర గుసగుసలాడితే అటు గోడ దగ్గర వినబడుతుందని చదివాను కాబట్టి, ఆశగా అడిగాను: "మీవారు అవతల నించుని ఏమన్నారండీ?"

"ఏటంతాడు? ఆకలేత్తన్నాది, కిందకెల్దాం రా అన్నాడు," అని పడీపడీ నవ్వింది.

బల్ల మీద మాత్రం ఒక ఖాళీ గుడ్డ పిన్నులు గుచ్చి ఉంది. దాని మీద ఒక్క గీత కూడా లేదు. ఇదేమిటని అడిగితే "అది కోణార్కు" అని, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ చలికాలం మా ఆఫీసులో ఒక ప్రదర్శన పెట్టారు. పైనుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నాడు, సిబ్బంది చేసిన బొమ్మలూ కుట్లూ అల్లికలూ గోడలకి పెట్టాలి. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ పట్టుబట్టి ఆవిడ చేత తాజ్‌మహల్ తెప్పించాడు. తెచ్చి ఇచ్చి, అనకాపల్లిలో చెల్లెలికి జ్వరమని ఆవిడ రెండు రోజులు సెలవు పెట్టి వెళ్ళింది. ఆయన బొమ్మని పరిచి చూసుకుని, నన్ను పిలిచాడు.

"గుమ్మటం లేకుండా పెడితే నవ్విపోతారమ్మా. ఇంత పనితనం నవ్వులపాలవుతుంది. నీ చెయ్యి కుదురైనది. క్యాలెండరు చూసి ఆ కాస్తా పూర్తి చేసెయ్. ఆవిడకి నేను చెప్తాలే."

వద్దనాలని నాకు తోచలేదంటే అబద్ధం. తోచింది. కానీ ఆ గుమ్మటం గీయాలన్న కోరిక దాన్ని మింగేసింది. రెండు రోజులు కూర్చుని గీశాను. ఆవిడ గీత ఎక్కడ ఆగిందో, నాది ఎక్కడ మొదలైందో ఎవరికీ తెలియకుండా అతికించాను. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ కళ్ళద్దాలు తీసి మరీ చూసి, భేష్ అన్నాడు.

మూడోనాడు పొద్దున ఆవిడ వచ్చింది. మర్నాడే ప్రదర్శన. గోడకి ఆనించి ఉన్న బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"ఎవురు?" అంది, వెనక్కి తిరగకుండానే.

గదిలో పదిమందిమి ఉన్నాం. "నేనేనండీ," అన్నాను.

నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ బొమ్మని తన బల్ల మీద పరిచి, నాలుగు మూలలా పిన్నులు గుచ్చి, కొత్త బ్లేడు కాగితం విప్పింది. నేను గీసిన గుమ్మటాన్ని ఒక్కొక్క గీతా గీకడం మొదలుపెట్టింది. హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ పరుగున వచ్చాడు.

"రేపు ఆఫీసరుగారు వస్తున్నారమ్మా!"

"రానీండి సార్."

"గుడ్డ చిరిగిపోతుంది. మొత్తం బొమ్మే పోతుంది."

"సిరిగితే సిరగనీండి. నాను సూడని గుమ్మటం నా బొమ్మలో ఉండకూడదు."

"తాజ్‌మహల్‌కి గుమ్మటం ఉందని లోకమంతటికీ తెలుసు కదమ్మా!"

"లోకానికి తెలుసు సార్. నాకు తెల్దు."

ఆయన తన బల్ల దగ్గరకి వెళ్ళిపోయాడు. ఆవిడ మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. నేను గీసిన సన్నటి గీతలు గుడ్డలోకి బాగా ఇంకాయి. ఒక్కొక్కదానికి పావుగంట పట్టింది. బ్లేడు వేళ్ళకి తగిలి రెండుచోట్ల నెత్తురొస్తే గుడ్డకి అంటకుండా నోట్లో పెట్టుకుని, మళ్ళీ గీకింది. సాయంత్రం గంట కొట్టేవేళకి గుమ్మటం పోయింది. గుడ్డ చిరగలేదు. అక్కడ కొంచెం నూగుగా మిగిలింది, అంతే. బొమ్మ చుట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ప్రదర్శనలో ఆ చోట ఒక వంతెన డ్రాయింగు పెట్టారు.

నాలుగు రోజులు ఆవిడ మొహం చూడలేకపోయాను. అయిదోనాడు టిఫిను డబ్బా పట్టుకుని పక్కన కూర్చుని, "తప్పయిపోయింది అక్కగారూ," అన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నీ గీత బాగున్నాదమ్మీ," అంది ఆవిడ. "అందుకే గీకడానికి అంత సేపు పట్టినాది." తన డబ్బాలోంచి నెత్తళ్ళ చేపల వేపుడు నా మూత మీద పెట్టి, "తిను" అంది.

సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు నా బల్ల దగ్గరకి వచ్చి, "నీ పాసు వాడినావా ఈ ఏడు?" అని అడిగింది. లేదన్నాను.

"కోణార్కు ఎల్దాం. నాకొక మనిషి కావాల."

నన్నే ఎందుకు అడిగిందో తెలియదు. ఎందుకని అడగడానికి ధైర్యం చాలలేదు. పొద్దుటి బండికి వాల్తేరులో ఎక్కాం. బరంపురం దాటేదాకా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చిల్కా నీళ్ళు కనబడ్డాక చెప్పడం మొదలుపెట్టింది.

ఆఖరిసారి వెళ్ళింది అక్కడికేనట. గుడి చుట్టూ సగం తిరిగారో లేదో, ఆయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. గోడ నీడలో, నేలమీదే, తల తన ఒళ్ళో పెట్టుకుంది. ఆయన గుడివైపు తిరిగి ఒత్తిగిలి పడుకున్నాడు. ఎవరో బస్సు ఆపడానికి పరిగెత్తారు. ఆ సాయంత్రమే పూరీ ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

"ఒళ్ళో ఉన్నంతసేపూ ఒకటే మాటమ్మీ. 'సూడే, ఎన్నున్నాయో సూడే' అన్నాడు. నానేమో మాటాడకు, మాటాడకు అంటా గుండె రాత్తన్నాను. ఆడి మొకం తప్ప ఇంకేటీ సూడనేదు. తొమ్మిదేళ్ళయిపోనాది. ఏటి ఎన్నున్నాయి? అది తెలకుండా ఆ గుడ్డ మీద పెన్ను ఎలగ పెట్టగలను?"

"నొప్పిలో పలవరించారేమోనండీ."

"అయ్యుండొచ్చు. సూసొత్తే తెలుస్తాది కదా."

మర్నాడు పూరీ నుంచి బస్సులో కోణార్కు చేరేసరికి ఎండెక్కింది. సరుగుడు తోటల్లోంచి సముద్రపు గాలి. కొబ్బరిబోండాల వాళ్ళు, గైడ్లు, బడిపిల్లలు. ఎదురుగా కొండలాంటి గుడి. చక్రాల దగ్గర జనం మూగి ఉన్నారు. ఆవిడ చక్రాల వంక చూడలేదు. నా మణికట్టు పట్టుకుని తిన్నగా ఉత్తరం వైపు నడిచింది. గోడ నీడ పడుతున్న చోట రెండడుగులు ముందుకీ, ఒక అడుగు వెనక్కీ వేసి ఆగింది.

"ఇక్కడే. నువ్వు కూకో."

కూర్చున్నాను. ఆవిడ చెప్పులు విడిచి, నేలమీద వాలి, నా ఒళ్ళో తల పెట్టుకుని గుడివైపు ఒత్తిగిలింది. యాభైకి దగ్గరపడిన మనిషి. బడిపిల్లలు మమ్మల్ని చూసి కిసుక్కున నవ్వారు. కాపలావాడు కర్ర ఊపుకుంటూ వచ్చి, ఇక్కడ పడుకోకూడదు లేవమని హిందీలో గద్దించాడు. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే, ఆవిడ తలెత్తకుండానే, "ఉండు నాయనా, పనిమీదొచ్చినాను," అంది. మాట అర్థమై కాదు, గొంతు విని అతను వెళ్ళిపోయాడు.

చాలాసేపు ఆ గోడ వంకే చూస్తూ ఉంది. ఆవిడ ఊపిరి నా మోకాలికి తెలుస్తూనే ఉంది. ఉన్నట్టుండి అది ఆగింది, పొడుగు గీత గీసేటప్పుడు ఆగినట్టు.

"ఓలమ్మో," అంది. "ఏనుగులు!"

"ఏవండీ?"

"కింద. అదిగో, నేలని ఆనుకుని. ఏనుగులమ్మీ! బుల్లి బుల్లి ఏనుగులు. ఎన్నున్నాయో సూడు!"

నేను తల వంచి, ఇంకా వంచి, చెంప దాదాపు ఆవిడ జుట్టుకి ఆనేదాకా వంగి చూశాను. గుడి పీఠానికి అట్టడుగున, జానెడు ఎత్తు రాతి వరసలో, నిలబడ్డవాళ్ళెవరి కంటికీ ఆనని చోట, ఏనుగులు. ఒకదాని వెనక ఒకటి, అటు మూల నుంచి ఇటు మూల దాకా. చెట్టు కొమ్మ లాగుతున్నవి, పిల్లని కాళ్ళ మధ్య దాచుకున్నవి, తొండం పైకెత్తినవి. లెక్కలేనన్ని. నేలమీద పడుకున్నవాడికి అవి సరిగ్గా కళ్ళెదుట ఉంటాయి.

ఆవిడ ఏడుస్తోందనుకున్నాను. వంగి చూస్తే నవ్వుతోంది. కన్నీళ్ళు ముక్కు మీదుగా జారి నా చీరని తడుపుతున్నాయి, కానీ నవ్వుతోంది.

"నొప్పి కాదు. పలవరింత కాదు. నాకు ఏనుగులు సూపించినాడమ్మీ మా మావ. అంత పేణం మీదకొచ్చినా నాకు సూపించడం మాననేదు."

గంటపైనే అలా ఉండిపోయింది. నా కాళ్ళు తిమ్మిరెక్కి మొద్దుబారాయి. కదల్లేదు.

ఇంటికి వచ్చాక ఆ ఖాళీ గుడ్డ మీద పని మొదలుపెట్టింది. మామిడికాయలు వచ్చేవరకూ పట్టింది. పూర్తయ్యాక ఎవరూ అడగకుండానే ఆఫీసుకి పట్టుకొచ్చి, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ బల్ల మీద పరిచింది. ఒక వారగా నిలువుగా రాతి వరస, ఆ వరస వెంట కిందనుంచి పైకి ఎక్కిపోతున్న ఏనుగులు, ఒక్కొక్కటీ వేరు. ఒక్క ఖాళీ లేదు. ఆయన కాసేపు చూసి, అడ్డంగా పెట్టిందనుకుని గుడ్డని సరిచేయబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డుపెట్టింది.

"ఇలగే సార్. పడుకున్న మనిషి సూసింది."

ఆయనకి నేను అంతకుముందే జరిగింది చెప్పాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, గదిలో అందరం చూస్తుండగా, మెల్లిగా తల పక్కకి వాల్చి చెంప బల్లకి ఆనించి, ఆ ఏనుగుల్ని చూశాడు. లేచాక, "తాజ్‌మహల్ విషయంలో నాదే తప్పమ్మా. ఆ పిల్లది కాదు," అన్నాడు.

నాకు పెళ్ళయి, మావారికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం రావడంతో ఎనభైల్లో కూర్మన్నపాలెం కాపురం వెళ్ళాను. ఉద్యోగం మానేశాను. రాకపోకలు తగ్గాయి. ఆవిడ రిటైరయ్యేదాకా ఏటా ఒక ఊరు వెళ్ళివచ్చేదని, కొత్త బొమ్మల్లో ఖాళీలు ఏడాదికేడాదీ తగ్గుతూ వచ్చాయని వింటూ ఉండేదాన్ని. వాటిలో మొదటి ప్రయాణం మాత్రం నేను కళ్ళారా చూశాను. కోణార్కు బొమ్మ పూర్తయిన ఏడాదే, దసరా సెలవులకి ముందు, రామేశ్వరానికి పాసు రాయించుకుంది. అక్కడి స్తంభాల నడవా గురించి ఎవరో చెప్పారట. భర్తతో చూడని చోటుకి వెళ్ళడం అదే మొదలు. భాష రాదు, మద్రాసులో బండి మారాలి, ఒంటరి ఆడమనిషి. నేనూ వస్తానని స్టేషను దాకా బతిమాలుతూనే ఉన్నాను.

"నువ్వొద్దమ్మీ," అంది, పెట్టెలో కిటికీ పక్కన సర్దుకుంటూ. "నువ్వొత్తే నీతో కబుర్లాడతా సూడ్డం మానీత్తాను. మావ సూపించినవన్నీ గీసీసినాను. ఇంక నాను సూసినవి గియ్యాల."

"భయం వెయ్యదా మీకు?"

"ఏత్తాది. ఏత్తే ఏటి?"

గార్డు విజిలు వేశాడు. బండి కదిలింది. నేను చెయ్యి ఊపుతూ ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు పరిగెత్తాను. ఆవిడ చెయ్యి ఊపలేదు. కిటికీ ఊచలకి మొహం ఆనించి, బండి వెళ్ళేవైపు చూస్తోంది.